నల్లది ఎందుకు అరిచింది

ముందే ఒప్పేసుకుంటాను. పక్కింటి మేకల మీద ఫిర్యాదు కాగితం రాసింది నేనే. కాలనీ వాట్సాప్ గ్రూపులో మేకల గోల గురించి మొదట మెసేజ్ పెట్టిందీ నేనే. మీటింగులో రాజీ మార్గం చెప్పి అందరి చేతా శభాష్ అనిపించుకున్నదీ నేనే. ఆ రాజీ పుణ్యమా అని మూడో రోజుకల్లా గోల పదింతలయింది.

మేముండేది హైదరాబాదు శివార్లలో, ఘట్‌కేసర్ వైపు, అవుటర్ రింగు రోడ్డుకు కాస్త లోపలగా, పదిహేనేళ్ళ కిందట వేసిన ఒక వెంచర్లో. 200 గజాల ప్లాట్లు, ముప్ఫై అడుగుల రోడ్లు. సగం ప్లాట్లలో ఇళ్ళు లేచాయి, మిగతా సగంలో సర్కారు తుమ్మ లేచింది. మా తూర్పు గోడకు ఆనుకుని ఒక పెద్దమ్మ ఇల్లుంది. వెంచర్ కంటే ఆమే ముందు. పొలం అమ్ముకున్నా ఇంటి జాగా మాత్రం వదల్లేదు. ముందు రెండు గదులు, వెనక రేకుల కొట్టం, కొట్టంలో రెండు మేకలు. ఒకటి నల్లది, ఇంకొకటి చెవి మీద తెల్ల మచ్చ ఉన్న చుక్కది. కొడుకు ఆటో నడుపుతాడు. మేకల బాగోగులన్నీ ఆమెవే. పొద్దున పదింటికి వాటిని తుమ్మచెట్ల ప్లాట్లలోకి తోలుకెళ్ళి, చేతికర్రకు కట్టిన కొడవలితో కాయలు దించి, నాలుగింటికల్లా ఇంటికి తెస్తుంది.

మా పడకగది కిటికీకీ ఆ కొట్టానికీ మధ్య దూరం పన్నెండు అడుగులు. ఇల్లు కట్టేటప్పుడు వాస్తు చూశాం, గాలి చూశాం, గోడ అవతల ఏముందో చూడలేదు.

మేక అరుపు గురించి తెలియనివాళ్ళకు ఒక మాట. గేదె అరుపు అలవాటైపోతుంది. మాది గుంటూరు జిల్లా, గేదెల మధ్యే పెరిగాను, అందుకే చెబుతున్నాను. కుక్క మొరుగుడు కూడా ఏదో ఒక లెక్కలో పడిపోతుంది. మేక అరుపు అలా కాదు, మనిషి గొంతులా ఉంటుంది. నిద్రమత్తులో విన్నారంటే పసిపిల్ల గుక్కపట్టినట్టే ఉంటుంది. లేచి కూర్చుంటారు. లేచాక మేకే అని తెలుస్తుంది, కానీ అప్పటికే గుండె దడదడలాడుతూ ఉంటుంది. మా ఎదురింటి అబ్బాయి అమెరికా షిఫ్టు చేసి తెల్లవారుజామున నాలుగింటికి పడుకుంటాడు. ఐదున్నరకు నల్లది మొదలుపెడుతుంది. అతని కళ్ళ కింద నలుపు చూస్తే మేకల పక్షాన మాట్లాడటానికి ఎవరికీ నోరు రాదు. ఈ వ్యాసం చివరి దాకా నేను అతని పక్షం వదలను, అది కూడా ముందే చెబుతున్నాను.

మా బావ లాయరు. మేకల మీద కేసు వెయ్యొచ్చా అని ఫోన్ చేసి అడిగితే కాసేపు పడీపడీ నవ్వి, తర్వాత బుద్ధిగా చెప్పాడు. 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55 డెసిబెల్స్, రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా 45 డెసిబెల్స్ మించకూడదు. దానికి పైన ఇంకో పది దాటితే ఫిర్యాదు చెయ్యొచ్చు. ఇంకేం, ఫోన్లో యాప్ వేసుకుని అర్ధరాత్రి బాల్కనీలో నిలబడ్డాను. నల్లది అరిచింది. అంకె 70 దాటింది. గెలిచాననుకున్నాను.

"ఎంతసేపు దాటింది?" అన్నాడు బావ.

"ఒక క్షణం. మహా అయితే రెండు."

"ఆ 45 సగటురా. ఒక్క అరుపుది కాదు. రాత్రంతా నాలుగుసార్లు అరిస్తే సగటులో ఎక్కడ కొట్టుకుపోయిందో కూడా కనబడదు. పైగా నీ ఫోన్ యాపును ఎవరు నమ్ముతారు?"

చట్టం సగటు చూస్తుంది, నిద్ర మాత్రం ఆ ఒక్క అరుపుకే పోతుంది. నాకు ఇది అన్యాయంగా అనిపించింది. ఇప్పటికీ అనిపిస్తుంది.

ఇంకేమున్నాయి అని గుచ్చి గుచ్చి అడిగాను. 2024 జూలైలో అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో 152వ సెక్షను ఉంది, పాత సీఆర్‌పీసీలో 133 అదే. న్యూసెన్స్ తొలగించమని మేజిస్ట్రేటు ఉత్తర్వు ఇవ్వొచ్చు. అయితే అది పదిమందికీ కలిగే ఇబ్బందికి. ఒక్కడి నిద్ర కోసమైతే సివిల్ కోర్టే దిక్కు. "ఆ తీర్పు వచ్చేసరికి ఆ మేక ముని మనవరాళ్ళు అరుస్తుంటాయి" అన్నాడు. పోనీ మేకలు మా ఇంట్లోకొచ్చి మొక్కలు మేశాయా అంటే 1871 నాటి చట్టం ఒకటుందట, తోలుకెళ్ళి బందెలదొడ్డిలో, అంటే పరాయి జాగాలో మేసిన పశువుల్ని కట్టిపెట్టే చోట, పెట్టించొచ్చు. అందులో పశువులు అంటే ఎవరెవరో రాసి ఉంది. ఏనుగులు, ఒంటెలతో మొదలై మేకలు, మేకపిల్లల దాకా. ఏనుగును బందెలదొడ్డికి తోలిన మహానుభావుడెవరో చూడాలని ఉంది. మా పిల్లలకైతే బందెలదొడ్డి అన్న మాటే తెలియదు.

ఆమె ముందునుంచీ ఉంది, మేం తర్వాత వచ్చాం, అది అడ్డం రాదా అని కూడా అడిగాను. రాదన్నాడు. 1879లో లండన్‌లో ఒక కేసు. మిఠాయిలు చేసే ఒకాయన ఇరవై ఏళ్ళకు పైగా పెద్ద పెద్ద రోళ్ళలో దినుసులు దంచుతున్నాడు. పక్కింటి డాక్టరు తన తోట చివర, సరిగ్గా ఆ వంటింటి గోడకు ఆనించి, రోగుల్ని చూసే గది కట్టుకున్నాడు. కట్టుకున్నాక చప్పుడు ఎక్కువుందని కోర్టుకు పోయాడు. డాక్టరే గెలిచాడు. మన దగ్గరా ఇలాంటి విషయాల్లో ఆ ఇంగ్లీషు తీర్పులనే ఆధారం చేసుకుంటారట. ఆ రోజు ఈ సంగతి విని సంతోషించాను. నేనే ఆ డాక్టరునని అప్పుడు తట్టలేదు.

సరే, కోర్టులూ పోలీసులూ ఎందుకని అసోసియేషన్ మీటింగు పెట్టించాను. పెద్దమ్మ వచ్చి చివరి కుర్చీలో కూర్చుంది. ఎవరి బాధ వాళ్ళు చెప్పారు. ఒకాయన వాసన అన్నాడు, ఒకావిడ ఈగలన్నది. "మనం ఊళ్ళో ఉన్నామా, కాలనీలో ఉన్నామా?" అని ఇంకొకాయన గట్టిగా అడిగాడు. ఆ ప్రశ్న దగ్గరికి మళ్ళీ వస్తాను. అప్పుడు నేను లేచి, మొత్తం తీసెయ్యమనడం న్యాయం కాదు, రెండింటిలో ఒకటి ఉంచుకోనివ్వండి, చప్పుడు సగమవుతుంది అన్నాను. లెక్క అందరికీ నచ్చింది. పెద్దమ్మ ఏమీ అనలేదు. వారం తిరక్కుండా చుక్కదాన్ని అమ్మేసింది.

ఆ రాత్రి నుంచి నల్లది అరిచింది. మామూలు అరుపు కాదు. గొంతు జీరపోయేదాకా, కాసేపు ఆగి, మళ్ళీ గొంతు తెచ్చుకుని. రాత్రి నాలుగుసార్లు అరిచేది నలభైసార్లు అరిచింది. రెండో రాత్రీ అంతే. నాలుగో రోజు పొద్దున గోడ మీద నుంచి తొంగి చూసి, కాస్త విసుగ్గానే అడిగాను, ఇదేంటి పెద్దమ్మా అని.

"ఒక్కదాన్ని జేసిండ్రు గద సారూ, ఇగ అరవకేం జేస్తది? మంద జీవి అది. తోడు లేకుంటే బుగులు వడ్తది."

"మరి మీటింగులో ఆ మాట చెప్పలేదేం?"

"మీరు అడగలే గదా బిడ్డా."

నిజమే. మేం ఎన్ని మేకలని అడిగాం, ఎంత జాగా అని అడిగాం, లైసెన్సుందా అని కూడా అడిగాం. ఎందుకు అరుస్తున్నాయి అని ఎవరమూ అడగలేదు. ఇన్నాళ్ళ తర్వాత ఈ గొడవలో నాకు అర్థమైంది ఇదొక్కటే. మేక ఊరికే అరవదు. దాని కారణం తెలుసుకోకుండా హక్కుల గురించి, అంకెల గురించి ఎంత మాట్లాడుకున్నా పని చెడుతుందే తప్ప బాగుపడదు. కారణం తెలుసుకోవాల్సిన బాధ్యత మొదట పెంచేవాళ్ళది, తర్వాత ఫిర్యాదు చేసేవాళ్ళది. ఇద్దరూ ఎగ్గొడితే నల్లది అరుస్తుంది.

ఆ తర్వాత నాకు అదో పిచ్చి పట్టుకుంది. సాయంత్రాలు గోడ దగ్గర నిలబడి ఆమెను అడగడం, రాత్రిళ్ళు ఫోన్లో చదవడం. లండన్‌లోని క్వీన్ మేరీ యూనివర్సిటీ వాళ్ళు మేకల గొంతుల మీద చాలా పనే చేశారు. 2012లో వచ్చిన వాళ్ళ పరిశోధనల్లో ఒకటి ఏం చెబుతుందంటే, తల్లి మేకలు తమ పిల్లల గొంతు గుర్తుపెట్టుకుంటాయి. పాలు మాన్పించి నెలలు గడిచాక కూడా సొంత పిల్ల అరుపు వినిపిస్తే వేరే పిల్ల అరుపుకన్నా ఎక్కువగా స్పందిస్తాయి. ఇంకోటి మరీ వింత. ఒకే గుంపులో కలిసి పెరిగిన పిల్లల గొంతులు క్రమంగా ఒకదానికొకటి దగ్గరపడతాయట. అంటే వాటికీ యాస ఉంది. నేను పెద్దమ్మకు ఇదంతా ఉత్సాహంగా చెబితే "దీనికి లండన్ దాకా పోవాల్నా?" అంది.

ఆమె చెప్పిందీ, నేను చదివిందీ కలిపితే కారణాలు మరీ ఎక్కువేమీ లేవు. తోడు లేకపోవడం అన్నిటికన్నా పెద్దది. రెండోది తిండి వేళ. మేకకు గడియారం అక్కర్లేదు, గేటు చప్పుడూ తవుడు బకెట్టు చప్పుడూ చాలు. అరిచినప్పుడల్లా గుప్పెడు ఆకు పడేస్తే అరిస్తే ఆకు వస్తుందని నేర్చుకుంటుంది. ఐదున్నర అరుపు సరిగ్గా అదే. పెద్దమ్మ నిద్రలేచి గడియ తీసిన చప్పుడుకు నల్లది పిలుస్తుంది, నోరు మూయించడానికి ఆమె మండ వేస్తుంది, మర్నాడు ఐదింపావుకే పిలుస్తుంది. ఇది ముమ్మాటికీ ఆమె తప్పే. చెప్పాను. ఒప్పుకోవడానికి రెండు నెలలు పట్టింది.

మూడోది ఎదకు రావడం. చూలు కట్టని ఆడమేక సుమారు ఇరవై ఒక్క రోజులకోసారి ఎదకొస్తుంది, ఒకటిన్నర రోజు అటూ ఇటూగా ఉంటుంది. ఆ రోజున్నర తోక ఆడిస్తూ, తిండి మీద ధ్యాస లేకుండా పిలుస్తూనే ఉంటుంది. క్యాలెండర్లో గుర్తు పెట్టుకుంటే మళ్ళీ ఎప్పుడో మనమే చెప్పొచ్చు. నేను పెట్టాను. మా ఆవిడ ఆ క్యాలెండర్ చూసి ఏమనుకుందో ఇక్కడ రాయను. మొదటిరోజే పోతు ఉన్న ఇంటికి తోలుకుపోతే గొడవ వదులుతుంది. కట్టిందంటే ఇక ఐదు నెలలు నిశ్చింత. చూలు సుమారు నూటయాభై రోజులు.

నాలుగోది పిల్లల్ని విడదియ్యడం. ఇది విన్నప్పుడే నాకు కాస్త కష్టంగా అనిపించింది. పిల్లను అమ్మేసిన రోజు తల్లి అరుస్తుంది. రెండు మూడు రోజులు అరిచి మానేస్తుంది. దానికి మందు లేదు. ముందు రోజు పక్కిళ్ళకు చెప్పడం ఒక్కటే చెయ్యగలిగింది. "రేపు పిల్లను ఇస్తున్న, రెండు రాత్రులు ఓర్సుకోండ్రి" అని ఒక మాట. ఆ మాట ముందే విన్నవాడికి ఆ అరుపు వేరేలా వినిపిస్తుంది. నాకైతే వినిపించింది.

మిగిలింది నొప్పి, భయం. దీని గురించి ఒక రాత్రి సంగతి చెప్పాలి, ఎందుకంటే ఇందులోనూ మా చెయ్యే ఉంది. కాలనీలో ఒకరింట్లో ఫంక్షన్. మిగిలిన అన్నం పారేయడం ఎందుకని, మేక తింటుందిలే అని, ఒక తపేలా నిండా పెద్దమ్మ గోడ లోపల కుమ్మరించారు. పుణ్యం అనుకునే చేశారు. నల్లది కడుపు నిండా తింది. మేక కడుపు ఆకుల కోసం, పీచు కోసం ఉన్నది. అన్నం, పిండి ఒక్కసారిగా పడితే లోపల పులిసి కడుపు ఉబ్బుతుంది, ఆమ్లం పెరిగి ప్రాణం మీదికొస్తుంది. ఆ రాత్రి అది అరవలేదు, మూలిగింది. పళ్ళు కొరుక్కుంటూ, ఎడమ డొక్క డప్పులా బిగిసిపోయి. పెద్దమ్మ నీళ్ళలో వంటసోడా కలిపి కొద్దికొద్దిగా పోస్తూ రాత్రంతా దాన్ని నిలబెట్టి తిప్పింది. పొద్దున 1962కి ఫోన్ చేస్తే పశువుల అంబులెన్సు వచ్చింది. బతికింది. ఆ రాత్రి నిద్ర పాడయిందని గ్రూపులో మెసేజ్ పెట్టినవాళ్ళలో ఆ తపేలా ఇంటివాళ్ళు కూడా ఉన్నారు.

ఇప్పుడు ఆ ఊరా కాలనీయా ప్రశ్న. మా వీధిలో నాలుగు కుక్కలున్నాయి, వీధి కుక్కలు కాదు, పెంపుడువి. అందులో ఒకటి మంచుదేశపు జాతిది, ఏసీ గదిలో ఉంటుంది, వాళ్ళు ఊరెళ్ళినప్పుడల్లా రెండు రోజులు ఊళ వేస్తుంది. దాని మీద ఎవరూ కాగితం రాయలేదు. నేనూ రాయలేదు. టైల్స్ కోసే మిషన్ నెలల తరబడి చెవులు కోసింది, ఇల్లు కట్టుకుంటున్నారు కదా అన్నాం. వినాయకుడి ఊరేగింపు డీజేకి మా కిటికీ అద్దాలు వణికాయి, పండగ కదా అన్నాం. మేక దగ్గరికి వచ్చేసరికి "ఇంత డబ్బు పోసి కొనుక్కున్నాం" అన్న మాట వచ్చింది. చప్పుడు ఒక్కటే అయితే అందరి మీదా ఒకే కోపం రావాలి. రాలేదంటే మన కోపంలో చప్పుడు కొంతే. మిగతాది, ఊరు వదిలి ఇంత దూరం వచ్చాక కూడా ఊరు గోడ అవతల నిలబడి పిలుస్తోందన్న చిరాకు. నాలో అది ఉందని ఒప్పుకోవడానికి నాకు సిగ్గుగానే ఉంది.

అసలు ఇక్కడ ఎవరు ఎవరి దగ్గరికి వచ్చారు? గోల్కొండ అన్న పేరే గొల్లకొండ నుంచి వచ్చిందంటారు. సికింద్రాబాదులో మేకలమండి ఉంది. జియాగూడలో ఇప్పటికీ జీవాల సంత నడుస్తుంది. 2025లో దేశమంతా విన్న కంచ గచ్చిబౌలి పేరులోని కంచ అంటే జీవాలు మేసే బీడు. 2019 పశుగణన ప్రకారం దేశంలో మేకలు 14.8 కోట్ల పైచిలుకు, అంతకు ముందు లెక్కకన్నా పది శాతం పెరిగాయి. మేత బీడు మాత్రం పెరగదు కదా. మా వెంచర్ కూడా ఒకప్పటి బీడే. పెద్దమ్మ మేకలు ఇప్పుడు మేసేది ఎవరో పెట్టుబడికి కొనిపెట్టి, ఏళ్ళుగా తొంగిచూడని ప్లాట్లలో. ఆ ఓనర్లకు తెలియకుండానే వాళ్ళ తుమ్మ చెట్ల కాయలు ఆ రెండు మేకల కడుపు నింపుతున్నాయి.

అయితే ముందొచ్చినవాడిదే న్యాయం అనేస్తే అది కూడా కుదరదు. ఆమె ముందునుంచీ ఉందన్నంత మాత్రాన ఎదురింటి కుర్రాడు నిద్ర మానుకోవాలా? వాడు ఇంటి లోను కడుతున్నాడు, వాడికీ ఆ వీధి మీద హక్కుంది. మేకలు పెంచడం ఆమె బతుకు అనే మాట నిజమే గానీ, బతుకు పేరు చెప్పి రేకుల కొట్టాన్ని ఇంకొకరి పడకగది గోడకు ఆనించి ఉంచాల్సిన పని లేదు. ఆమె జాగాలో అవతలి వైపు పది గజాల ఖాళీ ఉంది. ఆ మాట నేను గట్టిగానే అన్నాను, ఆమె కొడుకు నాతో వారం మాట్లాడలేదు.

మా అన్న కొడుకు సియాటిల్లో ఉంటాడు. ఈ కథంతా విని "బాబాయ్, ఇక్కడ దీనికి రూలుంది" అన్నాడు. 2007లో ఆ నగరం ఇళ్ళ పెరళ్ళలో పొట్టి జాతి మేకల్ని పెంచుకోవచ్చని చట్టం చేసింది. లైసెన్సు తీసుకోవాలి, కొమ్ములు తీసేయించాలి, మగవాటికి విత్తులు కొట్టించాలి. నాకు కొమ్ముల సంగతి నచ్చలేదు గానీ, మిగతాదాంట్లో తెలివుంది. పెంచొద్దు అనకుండా, ఎలా పెంచాలో చెప్పారు. మనకు ఉన్నవి రెండే దారులు. ఎవరూ పట్టించుకోకపోవడం, లేదా ఒకరోజు హఠాత్తుగా తీసెయ్యమనడం. మధ్యలో ఏమీ లేదు. ఇంకో తమాషా, అమెరికా ఇళ్ళలో గొంతు పెద్దదని పేరుబడ్డ మేక జాతి న్యూబియన్. దాన్ని ఇంగ్లండులో తయారు చేసినప్పుడు కలిపిన రక్తంలో మన జమునాపారి మేకది కూడా ఉంది. మన అరుపు అక్కడ కూడా నిద్ర చెడగొడుతోందన్నమాట.

మేం చేసుకున్న రెండో రాజీ కాగితం మీద లేదు. మొదట ఇంకో మేక వచ్చింది. చుక్కది తిరిగి రాలేదు, దాన్ని కొన్నవాళ్ళు తిరిగి ఇచ్చేది లేదన్నారు. ఏడాది నిండని గోధుమరంగు ఆడమేకపిల్లను తెచ్చారు. రెండు మూడు రోజులు నల్లది దాన్ని పొడిచింది, తర్వాత ఆనుకుని పడుకుంది. ఆ రాత్రి నాకు మెలకువ రాలేదు. కొట్టం అవతలి గోడకు మార్చారు, ఖర్చులో మూడో వంతు నేను పెట్టుకున్నాను. దానధర్మం అనుకోకండి, సౌండ్‌ప్రూఫ్ కిటికీకి చెప్పిన ధరలో అది పదో వంతు కూడా లేదు. రేకు చప్పుడును పెంచుతుందని లోపల గోనెపట్టాలు కట్టారు. రాత్రి తొమ్మిదింటికి సుబాబుల్, వేప మండలు కట్టగట్టి ఎత్తుగా వేలాడదీస్తుంది. మేక గొర్రెలా వంగి మెయ్యదు, తల ఎత్తి కొరికే జీవి. పైన వేలాడితే మెల్లగా తింటుంది, తిని నెమరేస్తూ పడుకుంటుంది. పొద్దున ఆరు దాటేదాకా ఎంత పిలిచినా ఆకు పడదు. ఈ ఆఖరి నియమం మొదటి వారం నరకమే. రోజూ పడే ఆకు పడకపోతే మానే ముందు ఇంకా గట్టిగా అరుస్తుంది. ఎదురింటి కుర్రాణ్ణి ఆ వారం మా వెనక గదిలో పడుకోమన్నాం.

వాసన గురించి కూడా ఒక మాట. ఆడమేకల దగ్గర వాసన పెద్దగా ఉండదు. పెంటికలు ఎండి గింజల్లా రాలతాయి. మూత్రం ఇంకే చోట సున్నం చల్లి, రోజూ ఊడిస్తే సరిపోతుంది. మా ఆవిడ మిద్దెతోటకు ఆన్‌లైన్లో మేక ఎరువు కొనేది, కిలో సంచుల్లో, రంగు రంగు ప్యాకింగుతో. గోడ అవతల అది గుట్టగా ఉండేది. ఇప్పుడు టమాటాలు ఇటునుంచి అటు, బస్తాలు అటునుంచి ఇటు వెళ్తున్నాయి. మొన్న వానాకాలం డెంగ్యూ వచ్చినప్పుడు, మీటింగులో ఈగలన్నావిడే చెంబు పట్టుకుని మేకపాల కోసం వచ్చింది. ప్లేట్‌లెట్లు పెరుగుతాయని ఎవరో చెప్పారట. డాక్టర్లు అలా చెప్పరు, నీళ్ళు ఎక్కువ తాగమంటారు, పైగా పచ్చిపాలు తాగితే వేరే జబ్బులు వచ్చే ప్రమాదముంది. పెద్దమ్మ "కాచి తాగుండ్రి" అని చెప్పి పోసింది. డబ్బులు తీసుకుంది. తీసుకోవాలి కూడా.

బోనాల ముందు, బక్రీదు ముందు మా చుట్టుపక్కల ఇళ్ళలో కొత్త అరుపులు వినిపిస్తాయి. సంతలో మంద నుంచి విడదీసి తెచ్చిన ఒక్క పోతు, పార్కింగులో స్తంభానికి కట్టేసి ఉంటుంది. అది రెండు రాత్రులు ఎందుకు అరుస్తుందో ఇప్పుడు నాకు తెలుసు. తెలిశాక నిద్ర పట్టడం తేలికయిందా అంటే లేదు. విసుగు పోయింది, ఆ స్థానంలో ఇంకేదో వచ్చింది.

ఒక్క విషయంలో మాత్రం నేను మెత్తబడలేదు. మగమేక వద్దు. విత్తులు కొట్టని పోతు పెద్దదయ్యాక తన గడ్డం మీదా కాళ్ళ మీదా తనే మూత్రం పోసుకుంటుంది, కొమ్ముల వెనక గ్రంథుల నుంచి వాసన వస్తుంది, ఆ వాసన గోడలు దాటుతుంది, ఉతికిన బట్టల్లోకి ఎక్కుతుంది. 200 గజాల ప్లాట్ల మధ్య దానికి చోటు లేదు. ఈ మాట నేను మొదటి రోజే చెప్పాను, పెద్దమ్మ కూడా సరే అంది.

మొన్న నల్లది ఈనింది. రెండు పిల్లలు, ఒకటి మగది. నిన్న సాయంత్రం పెద్దమ్మ గోడ దగ్గరికి వచ్చింది. ఎల్లమ్మకు మొక్కుందట, ఆ పోతుపిల్లను ఆషాఢం దాకా ఉంచుకుంటానంది. ఇంకా ఎనిమిది నెలలు. అప్పటికి అది పిల్ల కాదు.

"కుదరదు పెద్దమ్మా. నాలుగు నెలలు. పాలు మానేదాకా."

"మొక్కు మాటేంది బిడ్డా? ఆరు నెలలు ఉంచనియ్యి."

"ఐదు. ఆ తర్వాత మీ తమ్ముడి ఊరికి పంపండి, ఆషాఢంలో తెచ్చుకోండి. తెచ్చేటప్పుడు తోడుకు ఇంకోదాన్ని కూడా తేండి, ఒక్కదాన్నే కట్టెయ్యకండి."

ఆలోచించి చెబుతానంది. ఇంకా చెప్పలేదు.